వండర్లాలో కెమెరా మోసిన దినం

బెంగుళూరు నించి మైసూరు రోడ్డు పట్టి పోతే 28 కిలోమీటర్ల దూరాన, బిడది దగ్గర వండర్లా అనే ఆటల పార్కు ఉంది. కేరళలో వి-గార్డ్ స్టెబిలైజర్ల కంపెనీ పెట్టిన కొచౌసెఫ్ చిట్టిలపిల్లి అనే ఆయన 2000లో కొచ్చిలో ఒక పార్కు పెట్టి, అది బాగా నడిచినాక 2005లో ఇక్కడ తెరిచినాడు. 2016లో హైదరాబాదులో కూడా పెట్టినారు. ఇవన్నీ మన పిల్లోళ్లకి నాకంటే బాగా తెలుసు. నేను రాసేది పిల్లోళ్ల జతలో పోయి, చెప్పులూ సంచులూ కాపలా కాసే పెద్దోళ్ల కోసం. ఈ పత్రికలో తిరుపతి యాత్ర రాసినారు, మంత్రాలయం యాత్ర రాసినారు. ఆటల పార్కు యాత్ర ఎవరూ రాయలేదు.

ఒకే నేత షెడ్డులో మగ్గాలు నడిపినోళ్లం ఏడు మందిమి పోవాలని మాట్లాడుకుంటిమి. బయల్దేరింది ఐదు మంది. ఒకాయనకి మోకాళ్ల నొప్పి. ఇంకొకాయన్ని ఇంట్లో పోనీలేదు, ఆ సంగతి ఆయనే చెప్పుకోవాల. కోడండ్లు, కూతుర్లు, మనవళ్లు, మనవరాండ్లు అందర్నీ కలిపితే పంతొమ్మిది తలకాయలు. ధనుర్మాసంలో ఒక ఆదివారం పోయినాము. ఆ నెలలో పెండ్లిండ్లు ఉండవు కాబట్టి నా కూతురికీ తీరిక, ఆమె కెమెరాకీ తీరిక.

నా కూతురు పెండ్లిండ్ల ఫోటోలు తీస్తుంది. అల్లుడు టమాట లారీ తోలతాడు. మా చాకవేలు, చేలూరు, బాగేపల్లి పక్క ఆడపిల్ల కెమెరా పట్టుకొని మంటపంలో తిరిగితే మొదట్లో నవ్వినారు. ఇప్పుడు పెండ్లికూతుర్ని సింగారించే గదిలో ఫోటో తీయాలంటే ఆమెనే పిలుస్తారు. కెమెరా నికాన్ కంపెనీది, సెకండ్ హ్యాండు. స్త్రీశక్తి సంఘంలో అప్పు తీసి, లెన్సులతో కలిపి 90,000 రూపాయలకి కొన్నది. ఇంకా 11 కంతులు కట్టాల. మాఘమాసానికి నాలుగు పెండ్లిండ్ల అడ్వాన్సు అప్పుడే తీసుకొని ఉంది. అంటే ఆ కెమెరా నీళ్లలో పడినా, కింద పడినా, మా ఇల్లే పడినట్టు.

అంత విలువైనదాన్ని నీళ్ల ఆటల కాడికి ఎందుకు మోసుకుపోవాల, సెల్లు ఫోను ఉంది కదా అని మా ఇంటిది అడిగింది. దానికి నా కూతురు, "అమ్మా, నాయన మగ్గం ముందర నిలబడిన ఫోటో ఒక్కటి చూపించు" అనె. యాడ చూపిస్తుంది? మిల్లు గేటులో టిఫిను క్యారియరు కూడా తెరిచి చూసే కాలం అది. ఇరవై తొమ్మిదేండ్లు పని చేసిన చోట నాది ఒక్క ఫోటో లేదు. గుర్తింపు కార్డులో ఉండేది గొంతు పైనే. మిగతా నలుగురిదీ అంతే. ఐదు మందిని నిలబెట్టి, గోడకి తగిలించే సైజులో ఒక మంచి ఫోటో తీస్తానని ఆమె పట్టు పట్టింది. పెండ్లిండ్లలో పద్నాలుగు గంటలు తగిలించుకొని ఆమె మెడ పోయింది. కాబట్టి ఆ దినం మోసేది నేనని చెప్పినాను.

చాకవేలు నించి బాగేపల్లి, ఆడ నించి మెజెస్టిక్కు వంద కిలోమీటర్లు. 2023 జూన్ 11 నించి కర్ణాటకలో శక్తి పథకం వచ్చింది కదా, ఆడోళ్లకి మామూలు బస్సులో సున్నా టికెట్టు. బస్సులో మేము ఐదు మంది ముసలోళ్లం, మగపిల్లోళ్లు మాత్రమే దుడ్లు ఇచ్చినోళ్లం. మెజెస్టిక్కులో ఊదా రంగు మెట్రో ఎక్కి చల్లఘట్ట దాకా పోయినాము. 2023 అక్టోబరులో ఆ లైను అంతవరకూ పొడిగించినారు. ఆడ దిగి బస్సులో బిడది. బిడదిలో దిగినోళ్లు తట్టె ఇడ్లి తినకుండా పోకూడదు. పళ్లెమంత వెడల్పు, మెత్తగా దూది మాదిరి ఉంటుంది. ఆ రోడ్డులోనే ఇంకొంచెం ముందుకి పోతే రామనగరం, షోలే సినిమా తీసిన గుట్టలు, పట్టుగూళ్ల పెద్ద మార్కెట్టు. మన శిడ్లఘట్ట మాదిరే ఆ ఊరు కూడా పట్టు మీదనే బతికింది. మా జతలో ఒకాయన ఆటలు వద్దు, గూళ్ల ధర చూసొద్దాం అని మొదలుపెట్టినాడు. పిల్లోళ్లు ఒప్పుకుంటారా?

టికెట్టు మనిషికి వెయ్యి దాటుతుంది, ముసలోళ్లకి కొంచెం తగ్గింపు. గేటులో సంచి తెరిచి చూసినారు. ఇంటోళ్ల ఫోటోలకి అని చెప్తే సరే అన్నారు. లోపల అద్దెకి లాకర్లు ఉన్నాయి. బట్టలు, ఫోన్లు, దుడ్లు అందులో పెట్టినాము. కెమెరా కూడా పెట్టేద్దామని ఒక కోడలు చెప్పింది. పెట్టేదానికైతే తెచ్చింది ఎందుకు? నేను మెడకి వేసుకున్నాను.

ఇక బరువు సంగతి. ముందు దినమే అంగడి తక్కెడలో పెట్టి చూసినాము. కెమెరా బాడీ ముక్కాలు కేజీ పైన. చిన్న లెన్సు ఒక కేజీ. దూరంగా ఉండేదాన్ని దగ్గరికి లాగే పొడుగు లెన్సు కేజీన్నర. ఫ్లాషు, బ్యాటరీలు, సంచి కలిపితే నాలుగున్నర కేజీలు. మిల్లులో నూలు కండెల బుట్టలు ఎత్తినోడికి ఇదేం బరువు అనిపించింది. కానీ బుట్టని ఎత్తి దించేస్తాము. ఇది దించేది కాదు. పొద్దున పదకొండు నించి సాయంత్రం దాకా మెడకి వేలాడే బరువు వేరే. కెమెరాతో వచ్చే నల్ల పట్టీ సన్నంగా ఉండి మెడని కోస్తుంది. నా నూలు తువ్వాలుని నాలుగు మడతలు పెట్టి పట్టీకి చుట్టి, రెండు చివర్లూ దారంతో కుట్టినాను. మెడకి కాకుండా ఎడమ భుజం మీద నించి కుడి నడుముకి అడ్డంగా వేసుకున్నాను. పొడుగు లెన్సు తగిలించినప్పుడు కెమెరాని పట్టుకొని మోయకూడదు, లెన్సు కింద చెయ్యి పెట్టి మోయాల. లేకపోతే రెండూ కలిసే చోట గాడి వదులవుతుంది. చంటిబిడ్డ తల కింద చెయ్యి పెట్టినట్టు పట్టుకో నాయనా అని కూతురు చెప్పింది. నాకు అది బాగా అర్థమయింది.

లెన్సు తుడిచే గుడ్డ గురించి నేనే ఆమెకి చెప్పినాను. కొత్త గుడ్డతో తుడవకూడదు. నేసేటప్పుడు పడుగుకి గంజి పెడతాము, అది కొత్త గుడ్డలో ఇంకా ఉంటుంది, అద్దం మీద గీతలు పడతాయి. ఇరవై సార్లు ఉతికిన పాత పంచె ముక్క అయితే మెత్తన. ముందు ఊది దుమ్ము పోగొట్టి తర్వాత తుడవాల. చల్లని హాలులో కూర్చొని బయటికి రాగానే కెమెరా సంచి తెరవకూడదు. తేమ పట్టి అద్దం మసకబారుతుంది, కాసేపు ఆగాల. మా నేత షెడ్డులో గాలిలో తేమ నూటికి 75, 80 ఉండేటట్టు పైనించి నీళ్లు చిమ్మేవాళ్లు, గాలి ఎండితే పడుగు దారం తెగుతుందని. దారానికి మంచి చేసే తేమ కెమెరాకి చెడు. లెన్సు లోపల బూజు పడుతుంది. కొత్త చెప్పుల డబ్బాలో వచ్చే తెల్ల గుళికల పొట్లాలు ఉంటాయి కదా, అవి పారేయొద్దు, కెమెరా సంచిలో వేయండి.

నీళ్ల ఆటల కాడ ఒక నియమం చూసి నాకు నవ్వొచ్చింది. నూలు బట్టలతో నీళ్లలోకి దిగకూడదు. నైలాను, పాలిస్టరు బట్టలే వేసుకోవాల. పిల్లోళ్లకి కారణం తెలీదు. నూలు గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, జారుబండ మీద జారనీయదు. పీచు వదులుతుంది, ఆ పీచు పోయి ఫిల్టర్లలో చేరుతుంది. షెడ్డులో ఆ పీచుని పొద్దస్తమానం మింగినోళ్లం, మాకు తెలియదా! నైలానుని 1935లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో కనిపెట్టినారు. ఆ జాతి దారాలు వచ్చి టెరికాట్ గిరాకీ పెరిగినాకనే మా నూలు గుడ్డకి ధర పడిపోయింది. మా పనిని తిన్న దారం వేసుకుంటేనే ఇక్కడ నీళ్లలోకి ప్రవేశం. నేను నూలు పంచె మీద పోయినాను. గట్టునే నిలబడినాను.

అలల కొలనులో నీళ్లు చూసి మా వదినె ఒకామె చాలాసేపు మాట్లాడలేదు. మా చిక్కబళ్లాపురం జిల్లాలో ఏడాదంతా పారే ఏరు లేదు. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా కొన్ని చోట్ల దుమ్మే వస్తుంది. బెంగుళూరు మురికినీళ్లని శుద్ధి చేసి మా పక్క చెరువులకి పంపిస్తా ఉండారు. చివరికి ఆమె, "మనం ఊర్లో బిందెకి వరస నిలబడతాము, వీళ్లు ఆటకి వరస నిలబడినారు" అని చెప్పి చీర కుచ్చిళ్లు ఎత్తి పాదాలు తడుపుకొనింది.

కెమెరా మోసేవాడు ఏ ఆటా ఎక్కలేడు. ఏ పార్కులో అయినా కెమెరాతో ఎక్కనీయరు, జారి పడితే కింద ఉండేవాళ్ల తల పగులుతుంది. అందుకని నేను దినమంతా నేల మీద నిలబడి యంత్రాలనే చూసినాను. నన్నడిగితే ఎక్కినోళ్ల కంటే నాకే ఎక్కువ కనబడింది. ఎక్కినోళ్లు కండ్లు మూసుకుంటారు. ప్రతి తిరుగుడుకీ ముందు నీలం చొక్కా పిల్లోడు ఒక్కొక్క సీటు కాడికీ పోయి కడ్డీని లాగి చూస్తాడు. చివరి సీటు దాకా చూసి బొటనవేలు ఎత్తుతాడు. అప్పుడే అద్దాల గదిలో ఉండేవాడు మీట నొక్కుతాడు. ఒక్కసారి కూడా ఒక్క సీటు కూడా వదిలిపెట్టలేదు, నేను గంటసేపు లెక్కపెట్టినాను. ఆ పిల్లోడు దినానికి ఎన్నిసార్లు వంగి లేస్తాడో, వాడి నడుముని ఎవరు చూస్తారు? అందరూ చక్రాన్ని చూస్తారు.

యంత్రాల రొదకి వాళ్లు చేతులతో మాట్లాడుకుంటారు. మేమూ అంతే కదా. నేత షెడ్డులో మాట వినబడదు. పెదాలు చూసి, వేళ్లు చూసి మాట్లాడుకునేవాళ్లం. మేస్త్రీ వస్తాడు అనేదానికి ఒక సైగ, టీకి పోదాం అనేదానికి ఒకటి, దారం అయిపోయింది అనేదానికి ఒకటి. నాకూ ఇంకో ఇద్దరికీ చెవులు సగం పోయినాయి. ఆ దినం జనంలో నేను ఈ పక్క, మావాడు ఒకడు ఆ పక్క. వాడు చెయ్యి ఎత్తి రెండు వేళ్లు తిప్పినాడు. నేను తల ఊపి, మనవరాలితో "టీ అంగడి కాడికి పోదాం, ఆ తాత పిలుస్తా ఉండాడు" అన్నాను. ఆ పాప నోరు తెరిచింది. ఫోను లేకుండా ఎట్ల తెలిసింది తాతా అని మిగతా పిల్లోళ్లని పిలుచుకొచ్చి మళ్లీ మళ్లీ చేయించింది.

పెద్ద కెమెరా మెడలో ఉంటే ఇంకొక చిక్కు ఉంది. నన్ను పార్కు ఫోటోగ్రాఫరు అనుకున్నారు. పంచె కట్టుకొని, తువ్వాలు చుట్టిన పట్టీతో ఉండే ముసలోడిని చూసి ఎట్ల అనుకున్నారో! ఒక జంట వచ్చి "ఒందు ఫోటోకె ఎష్టు?" అని అడిగినారు. దుడ్లు వద్దని చెప్పి వాళ్ల ఫోనులోనే తీసిచ్చినాను. ఇంకొకటి, దీనికి జాగ్రత్తగా ఉండాల. పొడుగు లెన్సు తగిలించి ఎత్తితే, యాడో దూరంలో ఉండే ఆడపిల్లలకి తమ మీదనే తిప్పినారని అనిపిస్తుంది. అనిపించేదానిలో తప్పు లేదు. నీళ్ల ఆటల పక్క అసలు సంచిలో నించి తీయలేదు. మిగతా చోట మూత పెట్టి నేల వైపు వంచి పట్టుకున్నాను.

మధ్యాహ్నం తర్వాత రికాయిల్ అనే దాని కాడికి పోయినాము. రైలు పెట్టెల మాదిరి ఉంటుంది. మనుషుల్ని కట్టేసి పైకి లాగి వదులుతారు, అది చుట్టలు చుట్టి, తలకిందులుగా పోయి, మళ్లీ అదే దారిలో వెనక్కి వస్తుంది. మనవరాలికి పన్నెండేండ్లు. ఎత్తు కొలిచే పట్టె కాడ నిలబెడితే రెండు వేళ్లు ఎక్కువే ఉంది. ఒంటరిగా ఎక్కనంటుంది. "నువ్వు పో పాపా" అని కూతురితో అన్నాను. ఆమె కెమెరాని చూసింది. పెండ్లిండ్ల ఆల్బములు వంద ఉంటాయి మా ఇంట్లో, ఒక్కదాంట్లో ఆమె లేదు. మా ఇంటి ఫోటోల్లో కూడా ఆమె లేదు, తీసేది ఆమె కదా. "నేను తీస్తాను, యాడ నొక్కాల్నో చూపించు" అన్నాను. ఆమె ముండ్లు తిప్పి పెట్టింది, సెకనులో వెయ్యో వంతు అని చెప్పింది. మీట సగం నొక్కి పట్టు, బీప్ అంటే పూర్తిగా నొక్కు, వదలకుండా పట్టుకుంటే వరసగా తీస్తా పోతుంది అనె.

ఆమె వరసలో ఉన్నప్పుడు ఒక వాచ్‌మన్ వచ్చి ఎవర్ని తీస్తా ఉండారు తాతా అని కన్నడలో అడిగినాడు. నా కూతుర్ని అని చెయ్యి చూపించినాను. ఆమె ఆడ నించే చెయ్యి ఎత్తింది. ఆయన సరేనని నా పక్కనే నిలబడి, రైలు ఏ మలుపులో బాగా కనబడుతుందో చెప్పినాడు.

నేను తీసినవి ఇరవై మూడు. ఇరవైట్లో ఖాళీ ఆకాశం, ఇనుప కమ్మీలు. రొండిట్లో ఎవరో వేరే వాళ్ల కాళ్లు. ఒక్కదాంట్లో తల్లీ కూతురూ ఉండారు. నా కూతురి జుట్టు గాల్లోకి లేచి అట్లనే నిలిచిపోయింది. చేతికి ఉండే గాజులు ఒకదాని మీద ఒకటి పడకుండా విడివిడిగా ఉన్నాయి. నోరు తెరిచి అరుస్తా ఉంది. ఆమె అట్ల అరవడం చిన్నప్పుడు గడిదం పరసలో రంకులరాట్నం మీద చూసినాను, మళ్లీ చూడలేదు.

ఆ ఫోటోని కెమెరా వెనక పలకలో చూస్తా నాకు నాడె గుర్తొచ్చింది. మా మగ్గం నిమిషానికి 180 పేకలు వేసేది. అంటే సెకనుకి మూడు సార్లు నాడె ఈ పక్క నించి ఆ పక్కకి దూకేది, వచ్చిన దారినే వెనక్కి పోయేది, ఈ రికాయిల్ మాదిరే. ఇరవై తొమ్మిదేండ్లు చూసినాను. గాల్లో ఉండే నాడెని మాత్రం చూడలేదు. ఒక గీత కనబడుతుంది, టక్ అని శబ్దం వస్తుంది, అంతే. ఒకసారి అది గాడి తప్పి ఎగిరొచ్చి పక్క మగ్గం ఆయన చెంప పగలగొట్టినప్పుడు కూడా, కింద పడినాకనే కనబడింది. ఇట్లాంటి కెమెరా ఆ షెడ్డులో ఒక్క దినం ఉండి ఉంటే సెకనులో వెయ్యో వంతులో నాడె పడుగు మధ్యలో నిలిచి ఉండేది. మావాళ్లకి ఈ మాట చెప్తే ఐదు మందిమీ కొంచెంసేపు ఆ మగ్గం కాడనే ఉండిపోయినాము.

ఇంత బరువు మోసేవాళ్లు ఇప్పుడు తక్కువ. పరసలో నల్ల గుడ్డ కప్పుకొని, మూడు కాళ్ల చెక్క కెమెరాతో తాజ్‌మహల్ తెర ముందర ఫోటో తీసే ఆయన్ని మీరు కూడా చూసి ఉంటారు. అమెరికాలో 1955లో డిస్నీలాండ్ తెరిచినప్పుడే లోపల కొడాక్ కంపెనీ కెమెరాల అంగడి ఉండింది. ఆ కొడాక్ 2012లో దివాలా దరఖాస్తు పెట్టుకొనింది. పార్కులో ఆ దినం వేల మంది ఉంటే పెద్ద కెమెరా నా మెడలోనే చూసినాను, ఇంకొక పిల్లోడి చేతిలో చూసినాను. సెల్లు ఫోనులో మంచి ఫోటోలు వస్తాయి, కాదనను. కానీ పెండ్లికి పిలిచినోళ్లు మెడలో పెద్దది కనబడితేనే దుడ్లు ఇస్తారని నా కూతురు చెప్తుంది.

పొద్దు వాలినాక ఐదు మందిమీ నిలబడినాము. యాడ నిలబడాల అనేదానికి పావుగంట వాదులాట. పెద్ద చక్రం వెనకాల రావాలని ఒకడు, మనుషులే రావాలని ఒకడు. చివరికి ఆ నీలం చొక్కా పిల్లోడు కడ్డీలు లాగి చూసే మెట్ల ముందర నిలబడినాము. యంత్రం ఉంది, దాని మనిషి ఉన్నాడు, అది చాలు అన్నారు మావాళ్లు. కూతురు అన్నీ సరిచేసి పెట్టి, "నొక్కేది పాప" అని మనవరాలికి ఇచ్చింది. ఆ బరువుకి పాప చేతులు వణికినాయి. నేను పోయి తువ్వాలు పట్టీని దాని భుజం మీద నించి అడ్డంగా వేసి, లెన్సు కింద ఎడమ చెయ్యి పెట్టించి, వచ్చి నా చోట నిలబడినాను. ఎవరూ చెప్పకుండానే ఒకాయన కుడి చెయ్యి నడుము దగ్గర మగ్గం పిడి పట్టుకున్నట్టు పెట్టినాడు. ఆయన్ని చూసి మిగతా వాళ్లమూ పెట్టినాము. ఫోటో చూసినోళ్లు ఈ ముసలోళ్లు చేతులు అట్ల ఎందుకు పెట్టినారని అడుగుతా ఉండారు.

చింతామణిలో ఏడు కాపీలు వేయించినాము, రానోళ్లిద్దరికీ కలిపి. మోకాళ్ల నొప్పి ఆయన తన కాపీ చూసి, నా చోటు వదిలిపెట్టలేదే మీరు అని అలిగినాడు. రికాయిల్ ఫోటో వద్దని కూతురు చెప్పింది, జుట్టు దయ్యం మాదిరి ఉందంట. మా ఇంటిది దాన్ని వేయించి టీవీ పక్కన పెట్టింది. మాఘంలో మొదటి పెండ్లి చేలూరులో. కెమెరా తువ్వాలు పట్టీతోనే పోయింది.